మూడు దాటాక బిర్యానీ అడగొద్దు

“వైజాగ్‌లో బెస్ట్ బిర్యానీ ఎక్కడ?” అన్న ప్రశ్నకి రీల్స్‌లో దొరికే జవాబులకి ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. కుదిరే అవకాశమూ లేదు. ఒకాయన పన్నెండున్నరకి వెళ్ళి తిన్నాడు, ఇంకొకావిడ మూడున్నరకి వెళ్ళింది, మూడో అతను రాత్రి పదింటికి పార్సిల్ తెప్పించుకున్నాడు. బోర్డు మీద పేరు ఒకటే గానీ ముగ్గురూ తిన్నది ఒకే బిర్యానీ కాదు.

నెల పొడుగునా బయట తింటూ, బాగున్నవీ బాగోలేనివీ వేళతో సహా రాసిపెట్టుకుంటే ఎవరికైనా తేలే సంగతి ఇదే. తర్వాత కూడా నోట్లో మెదిలే వంటకాలు దాదాపు అన్నీ పొయ్యి దిగిన గంటలోపు తిన్నవే అయి ఉంటాయి. అందుకే ‘టాప్ టెన్ హోటళ్ళు’ జాబితాల మీద నాకు నమ్మకం లేదు. జగదాంబ నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఏ హోటల్ మంచిది అన్నదానికంటే, ఏ పూట ఏ వేళకి ఏం చెప్పాలన్నది పనికొచ్చే ప్రశ్న.

బిర్యానీతోనే మొదలుపెడదాం. దమ్ బిర్యానీకి బియ్యాన్ని ఉప్పు నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించి వారుస్తారు. గింజ వేళ్ళ మధ్య నలిపితే నడుమ సన్నటి పలుకు తగలాలి. దాన్ని ఊరిన మాంసం మీద పరిచి, మూత చుట్టూ పిండి ముద్ద అంటించి, ముందు పెద్ద మంట మీద ఓ 10 నిమిషాలు, తర్వాత సన్న సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. దించాక ఇంకో 10, 15 నిమిషాలు మూత ముట్టుకోకూడదు. ఆ మూత తెరిచినప్పటి నుంచి గంట, మహా అయితే గంటన్నర దాని మంచి కాలం. ఆ తర్వాత ప్రతి ప్లేటుకీ మూత తీస్తూ పెడుతూ ఉంటారు కాబట్టి ఆవిరంతా పోతుంది. పైన అన్నం ఎండుతుంది, అడుగున సెగ ఇంకా ఉంటుంది గనక మసాలా మాడుతుంది. చల్లారేకొద్దీ గింజలోని పిండి బిగుసుకుని అన్నం గట్టిపడుతుంది. దాన్ని మెత్తబరచడానికి నీళ్ళు చిలకరించి మళ్ళీ సెగ పెడితే గింజలు విరిగి ముద్దవుతాయి. మూడు దాటాక మీ ప్లేటులోకి వచ్చేది ఇదే, ఎంత పేరున్న చోటైనా.

వేళ సరిగ్గా ఉన్నా, తీసే పద్ధతి వల్ల కూడా ప్లేటు చెడుతుంది. తెలిసినవాళ్ళు హండీలోంచి గరిటెతో కాకుండా చిన్న పళ్ళెంతో, ఒక పక్క నుంచి నిలువునా అడుగు దాకా దింపి తీస్తారు. అలా తీస్తే తెల్లన్నం, రంగన్నం, అడుగు మసాలా, ముక్క, నాలుగూ ఒక్క పట్టులో వస్తాయి. రద్దీలో పైపైన గీకి, ముక్కలు వేరేగా పెట్టి ఇస్తే మొదట వచ్చినవాడికి తెల్లన్నం, చివర వచ్చినవాడికి నూనె. కౌంటర్ దగ్గర్నుంచి హండీ కనిపించే చోటు అయితే ఒక్క నిమిషం నిలబడి చూడండి. మధ్యలో గుంత పడి ఉంటే పైనుంచి తోడుతున్నారని, ఒక పక్క గోడలా నిలువుగా తెగి ఉంటే సరిగ్గా తీస్తున్నారని అర్థం.

ఫ్రై పీస్ బిర్యానీ లెక్క వేరు. అక్కడ అన్నం విడిగా, కోడి విడిగా. ముక్కల్ని ఆర్డర్ వచ్చాక పచ్చిమిర్చి, కరివేపాకు, జీడిపప్పుతో బాండీలో వేయించి అన్నం మీద వేస్తారు. మాంసం ఊట అన్నంలోకి దిగదు, అందుకే పక్కన గ్రేవీ తప్పనిసరి. దమ్ ముందు ఇది రెండో రకమే. కానీ మధ్యాహ్నం మూడింటికి తప్పనిసరై బిర్యానీయే తినాల్సి వస్తే దమ్ కంటే ఇదే నయం, కనీసం సగం ప్లేటైనా అప్పుడే పొయ్యి మీంచి వస్తుంది.

ఇక్కడ ఒక వాదన ఎదురొస్తుంది: “పెద్ద హోటళ్ళలో ఏ వేళకెళ్ళినా రుచి ఒకేలా ఉంటుంది కదా.” ఉంటుంది, నిజమే. ఎందుకుంటుందో చూడండి. ఎంత పొడుగు మెనూ అయినా దాని వెనక ఉండేవి మూడు నాలుగు గిన్నెల గ్రేవీ: ఉల్లి, జీడిపప్పు ఉడికించి రుబ్బిన తెల్లది, టమాటా, వెన్నతో చేసిన ఎర్రది, వేయించిన ఉల్లి ముద్దతో చేసిన గోధుమ రంగుది. ఉదయమే చేసి ఫ్రిజ్‌లో పెడతారు. ఆర్డర్ రాగానే ఒక గరిటె ఇది, అర గరిటె అది కలిపి, పనీర్ పడితే బటర్ మసాలా, కోడి పడితే కడాయి, కాజూ పడితే కాజూ మసాలా. ఏ వేళకైనా ఒకేలా ఉండటానికి కారణం అదే, నెల తిరిగాక ఒక్కటీ గుర్తుండకపోవడానికీ అదే కారణం. తప్పేం లేదు. కడుపు నిండుతుంది, పిల్లలు పేచీ పెట్టరు. దాన్ని రుచికి కొలమానంగా చూపిస్తేనే నా అభ్యంతరం.

ఇక చేప. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో చేపల గురించి ఇంత తక్కువ ప్రశ్నలడిగి ఇంత ఎక్కువ తినడం విచిత్రం. మెనూలో ‘ఫిష్ ఫ్రై’ అని మాత్రమే ఉండి చేప పేరు లేకపోతే, ముందు ఆ పేరు అడగండి. చాలా చోట్ల అపోలో ఫిష్‌కి, చిల్లీ ఫిష్‌కి వాడేది ‘బాసా’ పేరుతో గడ్డకట్టించి అమ్మే పంగాస్ ఫిల్లెట్. ముల్లు లేదు, వాసన లేదు, రుచీ లేదు. పైన మసాలా, పెరుగు, కరివేపాకు వేసి గట్టెక్కిస్తారు. అపోలో ఫిష్ హైదరాబాదు వంటకం, కొరమీనుతో చేస్తే దాని రుచి దానిదే. ఫిషింగ్ హార్బర్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో కూర్చుని, చెరువు చేప ఫిల్లెట్‌కి సముద్రపు చేప ధర పెట్టడమే నాకు మింగుడు పడదు.

హార్బర్‌లో దిగే చేపంతా ఒకే తాజాదనం అనుకోవడం కూడా పొరపాటే. మర బోట్లు రోజుల తరబడి సముద్రం మీదే ఉండి, పట్టిన సరుకు ఐస్‌లో పెట్టుకుని వస్తాయి. పెదజాలారిపేట లాంటి ఒడ్డున దిగే చిన్న ఫైబర్ బోట్లు చాలావరకు ఏ రోజుకారోజే వెళ్ళి వస్తాయి. కాబట్టి ఈ చిన్న బోట్ల సరుకు, కానాగంతలు, కవళ్ళు, గులివిందలు, నెత్తళ్ళు, పొద్దున కొంటే మధ్యాహ్నానికి వండేస్తారు. వేపుడు తినాలంటే మధ్యాహ్న భోజనంలో తినమనేది ఇందుకే. చిన్న మెస్సుల్లో బోర్డు మీద సుద్దముక్కతో ఆ రోజు చేప పేరు రాస్తారు చూడండి, ఆ అలవాటున్న చోటు సగం నమ్మకం. అచ్చేసిన మెనూలో ఏడాది పొడుగునా చందువ ఉందంటే అది ఫ్రీజర్‌లో ఉందని లెక్క.

కోనం వేపుడు దగ్గర కాస్త ఆగాలి. మిగతా జిల్లాలవాళ్ళు వంజరం అంటారు, ఉత్తరాంధ్రలో విందు పెట్టేవాళ్ళ మొదటి మాట ఇదే. ముక్క 2 సెంటీమీటర్ల మందం ఉండాలి. అంతకంటే పలచగా కోస్తే మసాలా వేగేలోపు కండ ఎండిపోతుంది, మందంగా కోస్తే వెన్నుముల్లు దగ్గర పచ్చిగా మిగులుతుంది. కిలో ముక్కలకి 2 పెద్ద చెంచాల కారం, అర చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, సరిపడా ఉప్పు, అర చెక్క నిమ్మరసం, పట్టు కోసం 2 చెంచాల బియ్యప్పిండి. 20, 30 నిమిషాలు ఊరితే చాలు. నిమ్మరసంలో గంటలు గంటలు నానితే పులుపుకే కండ తెల్లబడి పొడిపొడిగా అయిపోతుంది. ఆ తర్వాత ఎలా వేయించినా అది కోలుకోదు. పెనం మీద లోతు లేని నూనెలో మొదటి వైపు 4 నిమిషాలు కదపకుండా, రెండో వైపు 3 నిమిషాలు. అంతే పని.

హోటళ్ళలో చెడేది ఎక్కడంటే, పొద్దున్నే సగం వేయించి ట్రేలో పేర్చి, ఆర్డర్ రాగానే మళ్ళీ నూనెలో ముంచడం. రెండోసారికి పైపొర గట్టిపడి అంచులు నల్లబడతాయి, లోపల కండ పీచుపీచుగా విడిపోతుంది. మొదటిసారే వేగిన ముక్కని వేలితో నొక్కితే కండ వెడల్పాటి పొరలుగా, తడిగా విడివడాలి. ఇంకో గుర్తు సమయం. పచ్చిది వేయించి తేవాలంటే 10, 12 నిమిషాలు పడుతుంది. 4 నిమిషాల్లో ప్లేటు వచ్చిందంటే అది రెండో స్నానం చేసిన ముక్క. పైన పోసిన కరివేపాకు గుట్ట ఎంత ఎత్తుంటే అనుమానం అంత పెంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కోనం, కానాగంత, తూర (ట్యూనా) చేపలు ఒకే కుటుంబానివి. ఇవి ఐస్ లేకుండా ఎండలో ఉండిపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది పోదు. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుకు, ఆ వెంటనే మొహం ఎర్రబడి వేడెక్కడం దాని గుర్తులు. కారం ఘాటని సరిపెట్టుకోకండి. ముక్క పక్కన పెట్టేయండి.

వేళ సూత్రం తిరగబడేది పులుసు దగ్గర. చేపల పులుసు దించిన వెంటనే తింటే పులుపు ఒక దారి, కారం ఒక దారి. నాలుగైదు గంటలాగితే చింతపండు ముక్కలోకి దిగి, నూనె పైకి తేలి రుచి కుదురుకుంటుంది. కిలో చేపకి పెద్ద నిమ్మకాయంత, అంటే 60, 70 గ్రాముల చింతపండు, నూనె ధారాళంగా. పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి 12, 15 నిమిషాలు. గరిటె పెట్టకుండా గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి. వేసవి మొదట్లో పచ్చిమామిడి ముక్క వేస్తే చింతపండు మూడోవంతు తగ్గించాలి, చాలామంది ఈ తగ్గించడం మర్చిపోయి పళ్ళు పులిసేలా చేస్తారు. కాబట్టి పొద్దున వచ్చిన చేపని మధ్యాహ్నం వేపుడుగా, రాత్రి పులుసుగా తినాలి. అయితే రాత్రి దాకా గిన్నెంతా మరిగిస్తూ పోతే ముక్కలు చితికి ముల్లు పులుసులో కలుస్తుంది. మంచి చోట ముక్కల్ని వెడల్పాటి పళ్ళెంలో విడిగా తీసి ఉంచి, మీకు వడ్డించే గిన్నె మాత్రమే వేడి చేస్తారు.

రొయ్యలకి ఇంత చర్చ అక్కర్లేదు. 2009లో మన దేశంలోకి అనుమతించిన వనామీ రకమే ఇప్పుడు హోటళ్ళలో ఎక్కువ, చెరువుల్లోది, ఏడాది పొడుగునా దొరుకుతుంది. రొయ్య 3 నిమిషాల్లో ఉడుకుతుంది. ప్లేటులో కొడవలిలా వంగి ఉంటే సరిగ్గా ఉడికినట్టు, తల తోక కలిసి ఉంగరంలా చుట్టుకుపోయి ఉంటే అతిగా ఉడికి రబ్బరైనట్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మర బోట్లకి, మోటారు పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ మెనూలో కోనం, చందువ కనిపిస్తే అవి ఫ్రీజర్‌వే. తెరచాప, తెడ్ల మీద నడిచే తెప్పల సరుకు మాత్రం కొద్దిగా వస్తుంది, హోటళ్ళ దాకా చేరేది అరుదు. ఆ రోజుల్లో చెరువు రొయ్య, పెంపకం పండుగప్ప, నాటుకోడి చెప్పుకోవడం తెలివి. పండుగలకీ సెలవులకీ మాత్రమే బయట తినేవాళ్ళు వేసవి సెలవుల్లో బీచ్ రోడ్డుకొచ్చి ‘వైజాగ్ చేపలు ఇంతేనా’ అని పెదవి విరిచేది సరిగ్గా ఈ 61 రోజుల్లోనే.

బొంగులో చికెన్ మీద ఊళ్ళో జరుగుతున్న మోసం సంగతి కూడా చెప్పుకోవాలి. మోసం కొంచెం పెద్ద మాటే, అయినా వెనక్కి తీసుకోను. అరకు దారిలో, అనంతగిరి, బొర్రా జంక్షన్ల దగ్గర చేసేది చాలా సూటి వంట. ఎముకతో ఉన్న చిన్న కోడి ముక్కలకి ఉప్పు, పసుపు, కారం, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర పట్టించడమే. నూనె లేదు, నీళ్ళు లేవు. ఒక వైపు కణుపు మూసి ఉన్న పచ్చి వెదురు బొంగులో ముప్పాతిక వంతే కూరి, ఆకులతో మూతి బిగించి, కట్టెల నిప్పుల మీద అడ్డంగా పేర్చి, అన్ని వైపులా కాలేలా తిప్పుతూ 40 నిమిషాల దాకా ఉంచుతారు. పచ్చి వెదురులో ఉన్న తేమ, కోడిలోంచి ఊరిన నీరు కలిసి లోపల ఆవిరవుతాయి. మూతి దగ్గర ఆకుల్లోంచి బుసబుసమని పొంగు కనిపించాక ఇంకో 10 నిమిషాలు.

ఎండిన బొంగు అయితే లోపల కోడి ఉడక్కముందే పగులుతుంది, లేదా అంటుకుంటుంది. నిండా కూరితే ఆవిరికి చోటుండదు, నడిమి ముక్కలు పచ్చిగా మిగులుతాయి. తిప్పకపోతే ఒక వైపు మాడుతుంది. సిటీలో చాలాచోట్ల చేసేది ఇవేవీ కాదు. బాండీలో నూనె పోసి మామూలు కోడి వేపుడు చేసి, బొంగులో నింపి, టేబుల్ ముందు నాటకీయంగా ప్లేటులోకి జార్చడం. పట్టుకోవడం తేలిక. అసలుదాంట్లో కోడి కొవ్వు తప్ప నూనె ఉండదు, ప్లేటు అడుగున పలచటి ఊట మాత్రమే కనిపిస్తుంది. ఎర్రటి నూనె తేలిందంటే అది బాండీ నుంచి వచ్చింది. బొంగు కూడా ఒకసారి కాలి, చీల్చి పారేసేది. పదిసార్లు వాడిన మసి దానిమీద ఉంటే అర్థం చేసుకోండి. డిసెంబరు, జనవరి రద్దీలో అరకు దారిలో ఇంకో సమస్య: పొద్దున్నే కూరిన బొంగులు వరసగా ఎండలో నిలబెట్టి ఉంటాయి. కోడిని ఐస్ డబ్బాలోంచి తీసి మీ ముందు కూరే కొట్టు చూసుకోండి. 40 నిమిషాలు ఆగే ఓపిక లేనివాళ్ళు ఈ వంటకం జోలికి పోకపోవడమే మేలు.

టిఫిన్‌కి వస్తే, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పెసరట్టు ఉప్మా వేళ. పొట్టు పెసలు 4, 5 గంటలు నానితే చాలు. కిలోకి గుప్పెడు, అంటే 100 గ్రాముల బియ్యం కలిపితే అట్టు కరకరలాడుతుంది. ఇడ్లీ పిండిలా పులియాల్సిన పని లేదు, రుబ్బిన రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఆలస్యమైతే రంగు మారి, పసరు వాసనేస్తుంది. లోపల పెట్టే ఉప్మా ప్లేటులో విడిగా తినే ఉప్మా కంటే జారుగా ఉండాలి, గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళు. పదిన్నరకి అదే ఉప్మా గడ్డకట్టి అట్టుని చింపేస్తుంది.

ఇంట్లో అట్టు అలా ఎందుకు రాదంటే కారణం పెనం. హోటల్ పెనం మందపాటి ఇనుప పలక, పిండి పడ్డా దాని వేడి తగ్గదు. ఇంటి నాన్‌స్టిక్ పెనం పిండి పడగానే చల్లబడుతుంది. మాస్టర్ నీళ్ళు చల్లి చీపురుతో తుడిచేది శుభ్రం కోసమే అనుకుంటాం. పలక మరీ కాలి ఉంటే పిండి పరుచుకోకుండా గరిటె వెంట లేచొస్తుంది కాబట్టి, వేడి ఒక మెట్టు దించడానికీ అదే పని. పూరీ పక్కన ఇచ్చే బొంబాయి చట్నీ మాత్రం పొద్దున ఎనిమిది దాటితే అడక్కండి. శనగపిండి చల్లారేకొద్దీ చిక్కబడి ముద్దవుతుంది, వేడినీళ్ళు పోసి జారు చేస్తే పిండి రుచి తేలుతుంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్. సముద్రపు గాలిలో తేమకి మురీలు తెరిచిన నిమిషాల్లోనే మెత్తబడతాయి, నిమ్మరసం, టమాటా పడ్డాక మరీ తొందరగా. పొట్లం కారు దాకా తీసుకెళ్ళొద్దు, బండి పక్కనే నిలబడి ముగించాలి.

రాత్రి ఏడున్నర తర్వాత తందూర్ సరిగ్గా కాలి ఉంటుంది. 400 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళే ఆ మట్టి పొయ్యికి, 250 దగ్గర ఆగిపోయే ఇంటి ఓవెన్‌కి పోటీ లేదు, బయట తినడానికి ఇదొక న్యాయమైన కారణం. నాన్ మాత్రం టేబుల్ మీదకి ఒక్కొక్కటిగా తెప్పించుకోండి. నాలుగూ ఒకేసారి చెబితే మూడోది తినేలోపు మైదా బిగుసుకుని సాగుతుంది.

పదిన్నర దాటాక ఫ్రైడ్ రైస్ వైపు మనసు పోతుంది. నిజానికి దానికి చల్లారి పొడిబారిన అన్నమే కావాలి, వేడన్నం పెద్ద మంట మీద ముద్దవుతుంది. ఆ అన్నం ఫ్రిజ్‌లో చల్లారిందా, విశాఖ ఉక్కపోతలో గంటల తరబడి గిన్నెలో చల్లారిందా అన్నదే అసలు ప్రశ్న. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట వదిలేసిన అన్నంలో మళ్ళీ పెరుగుతాయి, అవి విడిచే విషం వేయించినా పోదు. అన్నం ఎక్కడ పెట్టారో బండి దగ్గర కనిపించకపోతే ఆమ్లెట్ చెప్పండి. గుడ్డు పగలగొట్టడం కళ్ళముందే జరుగుతుంది, ఉల్లి, పచ్చిమిర్చి పచ్చివే పడతాయి, రెండు నిమిషాల్లో ప్లేటులో ఉంటుంది.